మా ఆయన పేరున పనిచేసినవాడు

ఉదయం ఏడింటికి గేటు దగ్గర మా మరిది రమణమూర్తి మస్టరు పుస్తకం తెరిచి పేర్లు పిలిచేవాడు. గేటుకి ఇవతల, రోడ్డు వారగా నా ఇడ్లీ కొట్టు. "లెంక వరహాలు" అన్న పిలుపు వినపడేసరికి నా చెయ్యి పిండిగిన్నెలోనే ఆగిపోయేది. వరసలోంచి ఒక గొంతు "ఉన్నాను" అనేది. అప్పుడు మళ్ళీ గరిట పైకి తీసేదాన్ని.

లెంక వరహాలు నా భర్త. ఉన్నాను అన్నవాడు నా భర్త కాదు.

ఇది ఎనభై నాలుగు నాటి మాట. అంతకు చాలా ఏళ్ళ ముందే ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు తీసుకున్నారు. ఇంటికొక కార్డు ఇచ్చి, పనులు మొదలైతే ఈ కార్డున్నవాళ్ళకే ముందు పని అన్నారు. భూమి వెంటనే పోయింది, పని మాత్రం ఏళ్ళ తరబడి రాలేదు. డెబ్బై ఆరులో మా ఆయన ఒక మేస్త్రీ వెంట పారాదీపు రేవుకి కూలికి బయల్దేరాడు. సాగనంపడానికి వాల్తేరు స్టేషన్‌కి నేనూ వెళ్ళాను. రైలు కదిలేవేళకి ఆయన లోపల సీటు కోసం ఎవరితోనో తగువు పడుతున్నాడు. వీపు నా వైపుంది. ఆయన మర్చిపోయిన అన్నం మూట నా చేతిలో ఉంది. మా ఇళ్ళల్లో ఆడది మొగుడి పేరు నోటితో అనదు. అంటే ఆయుష్షు తరుగుతుందంటారు. "ఇదుగో, ఇదుగో" అంటూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తాను. స్టేషన్లో ఇదుగో అంటే ఎవరు తిరిగి చూస్తారు?

తర్వాత ఒక పోస్టుకార్డు ముక్క వచ్చింది, ఎవరిచేతో రాయించింది. క్షేమం అని ఉంది. ఆ ఒక్క ముక్క కోసం మాటిమాటికీ ఎవరినో బతిమాలడం ఇష్టం లేక, పొట్లాల కాగితాలు విప్పి దాచుకొని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. మళ్ళీ ఉత్తరం రాలేదు. ఎవరడిగినా "పారాదీపులో ఉన్నారు, కబురొస్తంది" అనేదాన్ని. ఎనిమిదేళ్ళు అలాగే అన్నాను.

ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక, మాకు దగ్గర్లో పని పట్టిన కంట్రాక్టరుకి ఒక షరతు ఉండేది. కార్డున్నవాళ్ళని ఇంతమందిని పెట్టుకొని తీరాలి. మావాళ్ళు పొద్దు వాలితే ఇళ్ళకి పోతారు, తిడితే తిరగబడతారు. గంజాం నుంచి తెచ్చిన ఒరియావాళ్ళు రేకుల షెడ్లలో పడుంటారు, ఎంతసేపు చెయ్యమంటే అంతసేపు చేస్తారు. అందుకని పుస్తకంలో మావాళ్ళ పేర్లు, పనిలో గంజాం వాళ్ళ చేతులు. కార్డు ఇచ్చిన ఇంటికి నెలకింతని ముట్టేది. ఊరు పోయినవాళ్ళకి కట్టిన మా కాలనీలో నలభై కార్డులు అలా వెళ్ళాయి. కార్డులు పోగుచేసింది రమణమూర్తే. గేటు దగ్గర టైమ్‌కీపరు ఉద్యోగం అతనికి అలాగే వచ్చింది.

"వొదినా, అన్నియ్య ఊళ్ళో లేడు. పేరు పుస్తకంలోకి ఎక్కకపోతే కార్డు కొట్టేత్తారు. రేపాయన తిరిగొచ్చినా పనుండదు," అన్నాడు.

పేరు కొట్టేస్తారన్న మాటకే నాకు దడ పుట్టింది. ఇంకొక సంగతి కూడా ఉంది. నేను అనకూడని ఆ పేరు రోజూ ఎవరో ఒకరు గట్టిగా పిలుస్తారు, నేను వింటాను. కార్డు ఇచ్చేశాను. ఆ పేరుకి పలికేది ఎవరో మాత్రం ఏనాడూ తలెత్తి చూడలేదు. చూస్తే ఆ గొంతుకి ఒక మొహం వస్తుంది.

శ్రావణంలో ఒకరోజు లోపల పెద్ద చప్పుడయింది. శ్లాబు కింద కట్టిన సెంట్రింగు కూలిందన్నారు. మర్నాడు రమణమూర్తి "లెంక సింహాచలం" తర్వాత "మజ్జి నూకాలు" అని పిలిచాడు. మధ్యలో పేరు లేదు. పొయ్యి మీద ఆవిరి వస్తుండగానే వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళాను.

"మూర్తీ, ఒక పేరు దాటేసేవు."

"ఏ పేరు?" అన్నాడు, నా నోట రాదని తెలిసే.

"మీ అన్నియ్యది."

"ఆడికి కాలు పోయింది వొదినా. ఆస్పత్రిలో మోకాలి కిందకి తీసీసినారు."

నేను ఉన్నచోటే కూలబడ్డాను. అతను పుస్తకం మూసి నవ్వాడు.

"ఓలమ్మ, నీ మొగుడికనుకున్నావేటి? గంజామోడికి. లే, లే, ఇడ్లీలు మాడిపోతన్నాయి."

పది రోజుల తర్వాత నజీర్ అహ్మద్ నా కొట్టుకి వచ్చాడు. పూర్ణా మార్కెట్ దగ్గర వాళ్ళది రేకు పెట్టెలు చేసే కొట్టు. పోర్టులో కళాసీగా చేసి మానేసి, యూనియన్ పని చేసేవాడు. మనిషి సన్నగా ఉండేవాడు, మాట మాత్రం రేకు కత్తిరించినట్టుండేది.

"వరహాలు భార్య మీరేనా?" అన్నాడు.

"ఇడ్లీ తింతావా సాయిబూ? తినకపోతే పక్కకి జరుగు. ఎనకాల జనం ఉన్నారు."

ఆయన జరగలేదు. "ఉగాదికి ముందు మా కొట్లో ఒకతను పెట్టె కొన్నాడు. మూత మీద పేరు రాయమన్నాడు. దండాసి నాయక్, సురడా, గంజాం జిల్లా. నా చేత్తోనే రాశాను. మొన్న మా మనిషిని చూడ్డానికి ఆస్పత్రికెళ్తే పక్క మంచం మీద అతనే ఉన్నాడు. కాలు లేదు. మంచానికి కట్టిన చీటీలో లెంక వరహాలు అని ఉంది."

"అయితే నాకేటి?"

"పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి అయిదేళ్ళ నాడే చట్టం వచ్చిందమ్మా. వాడి పేరు, వాడి ఊరు పుస్తకంలో ఉండాలి. దెబ్బ తగిలితే వైద్యం చేయించాలి, రానూపోనూ ఖర్చు పెట్టుకోవాలి. దండాసికి ఇవన్నీ ఉన్నాయి. వరహాలుకి ఇందులో ఒక్కటీ వర్తించదు. వరహాలు ఇక్కడివాడు. ఇల్లుంది, భార్యుంది, ఆమెకి ఇడ్లీ కొట్టుంది. ఇంటికి పోయి పడుకోమంటున్నారు."

నేను ప్లేట్లు కడుగుతూ ఉండిపోయాను.

"గురువారం లేబరు ఆఫీసరు విచారణకి వస్తాడు. అర్జీ నేనే పెట్టాను. ఆయన నా మాట నమ్మడు, గంజాం వాళ్ళ మాట అసలు నమ్మడు. ఈ మనిషి నా మొగుడు కాదని మీరొక్కరు అంటే చాలు."

"అలగంటే నలభై కార్డులు పోతాయి."

"పోతాయి."

"ఆ నలభై ఇళ్ళోళ్ళు నీ యూనియన్లో ఉన్నారా?"

"లేరు."

"అందుకే అంత సులువుగా అనేసేవు."

ఆయన మొహం ఎర్రబడింది. "మీ ఊరు పోయినప్పుడు ఊరేగింపు చేశారు కదా. ఆ జెండా కర్రలు మా కొట్లోంచే వచ్చాయి. అప్పుడు నన్ను పక్కకి జరగమన్నవాళ్ళు లేరు," అని వెళ్ళిపోయాడు.

మంగళవారం రమణమూర్తి వచ్చాడు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో సిరా డబ్బీ.

"వొదినా, ఇక్కడ ఏలుముద్రెయ్యి."

కాగితం నా ముందు పెట్టాడు. నేను వేలు చాపలేదు. కళ్ళు అక్షరాల మీద పడ్డాయి. నా భర్త లెంక వరహాలు తాగిన మత్తులో తన పొరపాటు వల్లనే పడినాడనీ, అతన్ని నా ఇష్టప్రకారం ఇంటికి తీసుకొని పోవుచున్నాననీ, ఇకమీదట కంట్రాక్టరుతో మాకు ఎట్టి సంబంధమూ లేదనీ ఉంది.

"మీ అన్నియ్య తాగడు," అన్నాను.

"అదేటి?"

"ఇందులో తాగినాడని రాసుంది."

అతను కాసేపు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "నీకు సదువెప్పుడొచ్చింది?"

నేను తర్వాతి వాక్యం మీద వేలు పెట్టాను.

"మంచిదే. సదువొచ్చినోళ్ళకి ఏలుముద్రెందుకు, సంతకమే పెట్టు."

"ఇంటికి తీసుకెళ్తన్నానని ఉంది. ఏ ఇంటికి మూర్తీ?"

"కాయితం మీద ఇంటికి. ఇయ్యాలే పాసింజర్లో ఎక్కించేత్తాం, ఆడి ఊరెల్లి పడుంటాడు. ఆఫీసరొచ్చీసరికి ఆడుండడు, ఈ కాయితముంటాది. అయిపోద్ది."

"సూత్తాను. ఉంచెళ్ళు."

"ఏటి సూత్తావు?" అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు సంతకం పెట్టకపోతే ఆణ్ణి పంపడానికి లేదు. సరే, గురువారమే కానీ. ఆయన ముందర నువ్వేటీ అనక్కర్లేదు, ఊరుకుంటే సాలు. నోరిప్పేవనుకో, ఈ కొట్టెవరి జాగాలో ఉందో గుర్తెట్టుకో."

ఆ మధ్యాహ్నమే మా పక్కింటి కాసులమ్మ నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకొని వచ్చింది. గడపలోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"ఆ సాయిబు నీ కాడికెందుకొచ్చేడే?"

"ఇడ్లీకి."

"ఇడ్లీకి పూర్ణా మార్కెట్టు నుంచి వొచ్చేడు. అంత రుసేటి నీ ఇడ్లీ?" వెనకవాళ్ళు నవ్వారు. కాసులమ్మ నవ్వలేదు. "సూడు రామలక్ష్మీ, మాకు బూముల్లేవు. ఆ కార్డొక్కటే ఉంది. నీకు పిల్లా జెల్లా లేరు, నీకేటి పోయింది? మొగుణ్ణి నిలుపుకోనేనిదానివి, మా మొగుళ్ళ పేర్లు కూడా కొట్టించేత్తావా?"

పారాదీపు నుంచి కబురొస్తుందని నేను చెప్పిన మాట ఆ కాలనీలో ఏ ఒక్కరూ నమ్మలేదని అప్పుడు తెలిసింది.

బుధవారం మిగిలిన ఇడ్లీలు ఆకులో చుట్టి షెడ్ల వైపు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలీదు. ఆ మొహం చూడకుండా రేపు ఎలా నిలబడతానని భయం వేసింది. ఆస్పత్రి నుంచి అప్పటికే పంపేశారు, మండే రేకుల కింద గోనె పట్టాల మీద పడుకొని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తల దగ్గర నీలం రంగు పెట్టె, మూత మీద తెల్లని అక్షరాలు. అతని భార్య కుంతల గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సిమెంటు తినేసిన చేతివేళ్ళు, చివర్లు పగిలి ఉన్నాయి.

"ఎందుకొచ్చావ్? నీ మొగుణ్ణి చూసుకోడానికా?" అంది. గంజాం వాళ్ళకి తెలుగు కొంచెం వస్తుంది. తిట్టడానికి సరిపోతుంది.

లోపల్నుంచి అతను అన్నాడు, "రానీ. ఇడ్లీ అమ్మ."

ఆ గొంతు నేను రెండేళ్ళుగా రోజూ విన్నదే.

"మీ కొట్లో తిన్నాను చాలాసార్లు. మీరు మొహం చూడరు. ప్లేటే చూస్తారు," అన్నాడు.

ఆకు పొట్లం కింద పెట్టాను. కుంతల దాన్ని కాలితో ఇవతలికి జరిపింది.

"నీ మనిషి ఎక్కడ?"

"పారాదీపులో."

"ఏ పేరుతో ఎళ్ళాడు?"

నాకు అర్థం కాలేదు. అదేం ప్రశ్నన్నట్టు చూశాను.

"మేస్త్రీ తీసుకెళ్ళిన మనిషికి సొంత పేరు ఉంటుందా? మా ఆయన కటకంలో పని చేశాడు, అక్కడ పేరు భీమా. ఇక్కడ వరహాలు. నీ మనిషికి అక్కడ ఎవడి పేరు ఇచ్చారు? ఆ పేరుతో కాలు పోయిందో, ప్రాణం పోయిందో. ఎవడొచ్చి నీకు చెప్తాడు?"

"కుంతలా," అన్నాడు అతను.

"చెప్పనీ. రెండేళ్ళు నా మొగుణ్ణి తన మొగుడని పిలిపించుకుంది. నీ ఇడ్లీ పట్టుకుపో."

పట్టుకొని వచ్చేశాను. ఇంటికి వచ్చి ఆ కార్డు ముక్క తీశాను. క్షేమం అన్న మాట ఎన్ని వందలసార్లు చదివానో. రాసినచోటి అడ్రసు కోసం ఎప్పుడూ వెతకలేదు. ఇప్పుడు వెతికాను. కేరాఫ్ మేస్త్రీ అని మాత్రమే ఉంది. ఏ మేస్త్రీ, ఏ గేటు, పుస్తకంలో ఏ పేరు, ఏమీ లేదు.

గురువారం పదింటికి ఆఫీసరు జీపు వచ్చింది. టైమాఫీసు రేకుల కింద కుర్చీ వేశారు. కాలనీ అంతా ముందు వరసలో నిలబడింది. గంజాం వాళ్ళు వెనకాల, ఇటుకల గుట్ట దగ్గర. నులకమంచం మీద దండాసిని మోసుకొచ్చి దించారు. నజీర్ అహ్మద్ ఆ నీలం పెట్టె భుజాన పెట్టుకొని వచ్చాడు. కంట్రాక్టరు మేనేజరు తెల్ల చొక్కాతో ఆఫీసరు పక్కనే నిలబడ్డాడు.

ఆఫీసరు మస్టరు పుస్తకం తిప్పుతూ, "లెంక వరహాలు?" అన్నాడు.

"ఉన్నాను," అన్నాడు మంచం మీది మనిషి.

అలవాటున వచ్చేసిన మాట అది. అన్నాక అతని మొహం పాలిపోయింది. మా కాలనీవాళ్ళు పడీపడీ నవ్వారు. "పలికేడు గదా బావా, ఇంకేటి విచారణ," అన్నారెవరో. నజీర్ కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత పెట్టె చూపించాడు, మూత మీది పేరు చదివాడు. మేనేజరు, "పెట్టె ఎవరిదైనా ఎవరైనా కొనుక్కోవచ్చండి. సెకండ్ హ్యాండు," అన్నాడు. మళ్ళీ నవ్వులు. కుంతల ఒరియాలో ఏదో అరిచింది. గుమస్తా దాన్ని రాసుకోలేదు.

"ఇతని భార్య అంటున్న ఆమె ఎవరు?" అని ఆఫీసరు అడిగాడు. నన్ను ముందుకి తోశారు.

"నీ భర్త పేరు చెప్పమ్మా."

నా నాలుక మీద ఎనిమిదేళ్ళ కిందటి ప్లాట్‌ఫారం ఉంది. రమణమూర్తి నా పక్కకి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మా ఇళ్ళల్లో ఆడోళ్ళు మొగుడి పేరు అనరండి. నాను మరిదినండి, నాను సెప్తాను. లెంక వరహాలండి."

ఆఫీసరు తలూపాడు. ఇలాంటివి ఆయనకి కొత్తకాదు. "మంచం మీది మనిషేనా?"

"ఆయనేనండి. పదిమందిలో మొగుడికేసి సూడ్డానికి సిగ్గు పడతందండి."

"సరే. కాదనలేదని రాసుకో," అన్నాడు ఆఫీసరు గుమస్తాతో.

గుమస్తా కలం కాగితానికి ఆనింది. ఈ మనిషిని రేపు పాసింజర్లో ఎక్కిస్తారు. అక్కడ పారాదీపులో కూడా ఎప్పుడో ఒకరోజు ఇలాంటి కుర్చీ ముందు, నాలాంటి ఒకతె ఊరుకొని ఉంటుంది. ఆమె కాదనలేదని రాసుకొని ఉంటారు.

"లెంక వరహాలు," అన్నాను.

ముందు వరసలో నవ్వులు ఆగాయి. మా ఆడవాళ్ళలో ఒకరు "ఓలమ్మో" అని నోరు మూసుకున్నారు. గొంతు నాదిలా లేదు. ఇంకోసారి అన్నాను.

"లెంక వరహాలు నా మొగుడు. ఈ బాబు కాదు. ఈ బాబుది గంజాం. దండాసి నాయక్. మా కార్డు నానే ఇచ్చేను, ఈ మూర్తి చేతికి."

రమణమూర్తి నా జబ్బ పట్టుకున్నాడు. ఆఫీసరు కసిరితే వదిలాడు.

"మరి నీ భర్త ఎక్కడ ఉన్నాడు?"

పారాదీపులో, కబురొస్తంది అన్న మాట నోటి దాకా వచ్చింది.

"తెలీదు బాబూ. ఏ పేరుతో ఉన్నాడో కూడా తెలీదు."

కాసులమ్మ నా కాళ్ళ ముందు ఉమ్మేసింది. ఎటునుంచో మట్టిపెళ్ళ వచ్చి నా భుజానికి తగిలింది. ఎవరు విసిరారో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

సోమవారం మస్టరుకి గంజాం వాళ్ళ పేర్లు గంజాం వాళ్ళవే పిలిచారు. పిలిచింది ఎవరో కొత్త గుమస్తా. "బనమాలి సాహు" అంటే చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆ బనమాలి ఎవరా అని పక్కవాణ్ణి చూస్తూ నిలబడ్డాడు. తన పేరేనని మూడోసారికి గుర్తొచ్చింది. నేను దూరంనుంచి విన్నాను. అప్పటికి నా పొయ్యి కాలవలో ఉంది. రమణమూర్తి ఉద్యోగం పోయింది. పోయిన రోజే వచ్చి తన చేత్తో దాన్ని కాలవలోకి దొర్లించాడు.

కార్డులు నలభయ్యీ విచారణ కోసం పట్టుకుపోయారు. కొన్ని ఇళ్ళకి రెండు మూడేళ్ళకి తిరిగొచ్చాయి, కొన్నింటికి రానేలేదు. కాసులమ్మ ఇంటికి రాలేదు. ఆ సంగతి నేను దాచుకోను. కాలనీలో నాకు నీళ్ళ బిందె కూడా ఎత్తేవాళ్ళు లేకపోతే కంచరపాలెం వచ్చి రైలు పట్టాల పక్కన గది తీసుకున్నాను. యూనియన్ ఆఫీసు ముందు టీ కొట్టు పెట్టుకోమని నజీర్ అహ్మద్ అన్నాడు. పెట్టుకున్నాను. "పోతాయి" అని ఆయన అంత తేలిగ్గా అన్న మాట మాత్రం ఎన్నడూ క్షమించలేదు. ఆ ముక్క మొహం మీదే చెప్పాను. "క్షమించకండి, టీలో పంచదార తగ్గించకండి," అన్నాడు.

దండాసికి రెండు నెలలు వైద్యం జరిగింది. వాళ్ళ మేస్త్రీ తలవంచుకొని వచ్చి ఇద్దరికీ బరంపురానికి టిక్కెట్లు తీశాడు. దండాసి చేతికి వలస కూలీలకిచ్చే కొత్త పాసుపుస్తకం వచ్చిందనీ, అందులో అతని పేరు, ఊరు ఉన్నాయనీ నజీర్ చెప్పాడు.

వాళ్ళు బయల్దేరే రోజు నేను వాల్తేరు స్టేషన్‌కి వెళ్ళాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. స్తంభం పక్కన నిలబడ్డాను. నజీర్ పెట్టె లోపలికి అందించి, ఆ మనిషిని ఎత్తి కిటికీ దగ్గర కూర్చోబెట్టి దిగాడు. కుంతల నన్ను చూసింది. చూసి మొహం తిప్పుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే రాయి విసిరేదాన్ని.

రైలు కదిలింది. అతను లోపల ఎవరికో ఏదో చెప్తున్నాడు. వీపు నా వైపుంది. నా కాళ్ళు వాటంతట అవే నడిచాయి, తర్వాత పరిగెత్తాయి.

"వరహాలూ," అని పిలిచాను.

అంత జనంలో ఆ పేరుకి ఒక్క మనిషి తిరిగాడు. కిటికీ కమ్మీల వెనకనుంచి నన్ను చూశాడు. ఉన్నాను అనడానికి పెదవులు కదిలాయి.

కుంతల చెయ్యి వచ్చి అతని గడ్డం పట్టుకొని మొహాన్ని లోపలికి తిప్పేసింది.